మర్యాదగా అడిగితేనే గోలీ

"కాఫీ" అంది సుశీలమ్మ.

అన్నది ఆ ఒక్క మాటే. దానికే ఒంట్లో ఉన్న గాలంతా అయిపోయింది. ఇంకో మాట అనాలంటే కొత్త గాలి లోపలికి రావాలి. కొత్త గాలి రావాలంటే పాత గాలి బయటికి నడవాలి. పాత గాలి మాత్రం, వచ్చి ఎంతకీ కదలని చుట్టంలాగా, ఛాతీలో చాప పరుచుకుని కూర్చుంది.

గుమ్మం అవతల మామగారు శ్రీరంగం నిలబడి ఉన్నాడు. ఆయనకి ఎడమ చెవి వినపడదు. కుడి చెవి వినపడుతుంది గానీ, దానికి ఇష్టమైనవే వినపడతాయి. కోడలి నోటి నుంచి బయల్దేరిన కాఫీ ఆ చెవి దాకా వెళ్లేసరికి దారి తప్పి "కాటికి" అయి కూర్చుంది.

"కాటికా?" అన్నాడాయన ఉలిక్కిపడి.

సుశీలమ్మ కాదని తల ఊపింది. ఉబ్బసం పట్టిన మనిషి తల ఊపిరి ఊపిరికీ ఊగుతూనే ఉంటుంది. అందులో ఏది ఊపిరి ఊపో, ఏది కాదనే ఊపో ఆయన కనిపెట్టలేకపోయాడు.

"అయ్యో తల్లీ! నీ నోటితో నువ్వే అడిగావా!" అని, పంచె పైకి ఎగ్గట్టి, గబగబా వీధిలోకి నడిచాడు. కుంట బజారులో అందరూ ఆయన్ని సావుకారు అంటారు. ఇన్నేళ్లకి ఆ పేరు సార్థకమైంది. సావుకారే స్వయంగా సావు కబురు మోసుకెళ్లాడు.

సుశీలమ్మ పీట మీద చేతులానించి, ముందుకు వంగి, మిగిలిన గాలిని పొదుపుగా వాడుకుంటూ, లోపల్లోపల నవ్వుకుంది. మాటకి గాలి కావాలి గానీ వెక్కిరింతకి అక్కర్లేదు. అత్తింట్లో ఆమెకి మిగిలిన ఆస్తి ఆ వెక్కిరింత ఒక్కటే.

ఆమె పుట్టిల్లు దుమ్ముగూడెం. పేరులో అంత దుమ్ము ఉన్నా అక్కడ ఆమె దమ్ముకి ఏ లోటూ రాలేదు. పెళ్లయి, పడవెక్కి, శబరి దాటి, బస్తరు సంస్థానంలో అడుగుపెట్టాక మొదలైంది. పెళ్లినాడు పాయసం, ఆ తర్వాత ఆయాసం. కుంట అంటే పేరుకే కుంట, పక్కనున్నది ఏరు. తెల్లారి ఆ ఏటి మీంచి మంచు లేస్తుంది. వేసవిలో అడవి మీంచి పొగ లేస్తుంది. ఈ రెండిటి మధ్యా ఇంట్లోంచి అత్త లేస్తుంది. సుశీలమ్మకి ఈ మూడూ పడవు.

అత్త మంగాదేవి చెడ్డ మనిషేమీ కాదు. అది ఆమే చెప్పుకుంటుంది. "నేను మనసులో ఏదీ పెట్టుకోను" అంటుంది. నిజమే, అంతా బయటే పెడుతుంది. కోడలు పొగకి దగ్గితే "పొగరు" అంటుంది. పొయ్యి దగ్గర నుంచి లేచి గాలికోసం అరుగు మీదికి వస్తే "గాలి తిరుగుళ్లు" అంటుంది. గాలి ఆడక గిలగిలలాడితే "గాలి సోకింది" అంటుంది. ఎటు చూసినా గాలే. పీల్చడానికి మాత్రం లేదు.

రెండేళ్ల కిందట ఒకసారి గోళ్లు నీలంగా మారేంత ముదిరితే, మొగుడు రామారావు ఆమెని జగదల్‌పూరు తీసుకెళ్లాడు. అక్కడి దవాఖానాలో బెంగాలీ డాక్టరు గొట్టం పెట్టి వీపంతా విని, "దమా" అన్నాడు, ఉబ్బసాన్ని హిందీలో. ఇంటికొచ్చి ఆ మాట చెబితే మంగాదేవి "దమ్ముందన్నాడుగా, ఇంకేం రోగం?" అని తేల్చేసింది. కానీ డాక్టరు చెప్పింది చాలా ఉంది, సుశీలమ్మ అక్షరం పొల్లుపోకుండా నేర్చుకుంది. జబ్బు చెప్పకుండా రాదు, చెప్పే వస్తుంది. ఆమెకైతే ముందు గడ్డం కింద దురద పెడుతుంది, తర్వాత ఆవలింతలు, ఆ తర్వాత పొడిదగ్గు, అప్పుడు ఛాతీలో ఈల. గోలీ, అంటే మందుబిళ్ల, వేసుకోవలసింది దురదప్పుడు, ఈలప్పుడు కాదు. వచ్చాక పడుకోకూడదు, ముందుకు వంగి కూర్చోవాలి. పొగకి, మిరప ఘాటుకి, పాత పరుపుల దూదికి దూరంగా ఉండాలి. గోలీ అందకపోతే పాలు పోయని కాఫీ, చిక్కగా, వేడివేడిగా తాగాలి. అది గోలీకి సాటి రాదు గానీ కాస్త దారి తీస్తుంది.

చివరికి ఆయన ఇంకో మాట అన్నాడు. "ఈల వినపడుతున్నంతసేపు భయపడకు బేటీ. ఈల ఆగిపోయి, దగ్గు కూడా రాలేదంటే, అప్పుడు భయపడు. గాలి అసలు నడవడం లేదని అర్థం."

గోలీల సీసా ఇచ్చాడు. ఆ సీసా ఇల్లు చేరగానే మంగాదేవి బొడ్లోకి, తాళాలగుత్తి పక్కకి వెళ్లింది. "నీ దగ్గరుంటే గోలీలాడుకుంటావు" అంది. అక్కడితో ఊరుకోకుండా ఒక పద్ధతి కూడా పెట్టింది. గోలీ కావాలంటే మర్యాదగా, మాట మింగకుండా, "అత్తయ్యగారూ, దయచేసి గోలీ ఇప్పించండి" అని అడగాలి.

ఇక్కడే ఉంది ఆమె తెలివి. అంత మాట అడగగలిగితే ఊపిరి బాగానే ఉన్నట్టు, కాబట్టి గోలీ అక్కర్లేదు. అడగలేకపోతే మర్యాద లేనట్టు, కాబట్టి గోలీ దక్కదు. సుశీలమ్మ ఈ పద్ధతిని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా కంత లేదు. ఆ సీసా తన బొడ్లోకి రావాలి, లేదా తను కాటికి పోవాలి. మధ్యలో ఇంకో దారి కనపడలేదు. ఆ లెక్కన మామగారు విన్నది మరీ తప్పేమీ కాదు.

ఇవాళ పొద్దున కూడా ఆ పద్ధతి ప్రకారమే నడిచింది. ఇప్పపువ్వు రాలే కాలం. పువ్వు ఏరుకోవాలంటే చెట్టు కింద ఎండుటాకు కాల్చి నేల శుభ్రం చేసుకుంటారు, అడవిలో అందరూ చేసే పనే. ఇంటి వెనకాల రెండు ఇప్పచెట్లున్నాయి. ఇంట్లో పనివాడు ఆయతు ఆకంతా ఏటి వైపుకి ఊడ్చి అక్కడ కాలుస్తానంటే, శ్రీరంగం "ఊడ్చేదేందిరా, ఉన్నచోటే అంటించు" అన్నాడు. అంటించాడు. పొగ నేరుగా వంటింటి కిటికీలోకి నడిచొచ్చింది.

పొగకంటే ముందే సుశీలమ్మకి గడ్డం కింద దురద మొదలైంది. వెంటనే వెళ్లి, చేతులు కట్టుకుని, మర్యాద ఎక్కడా ఒలికిపోకుండా అడిగింది. "అత్తయ్యగారూ, దయచేసి ఒక గోలీ ఇప్పించండి. గడ్డం కింద దురదగా ఉంది."

"దురదకి గోలీ ఏందే? గోక్కో!"

గోక్కుంది. ఆవలింతలొచ్చాయి. "పొద్దున్నే ఆవలింతలు, శని!" అంది అత్త. దగ్గొచ్చింది. ఆ తర్వాత ఛాతీలో ఈల. ఈల వచ్చాక మాట రాలేదు, చెయ్యి చాపింది.

"చూశారా, చూశారా! చెయ్యి చాపుతోంది, వీధిలో ముష్టిదానిలాగా! నోరు లేదా? నీకు మర్యాద నేర్పాలంటే నా ఊపిరి పోతోంది!"

ఎవరి ఊపిరి పోతోందో సుశీలమ్మకి తెలుసు. గోలీ దక్కదని తేలిపోయింది గనుక, ఉన్న ఒక్క మాటకి సరిపడే గాలిని కాఫీ మీద పెట్టింది. అది కాటికి పోయింది.

*

శ్రీరంగం వీధిలో అరుస్తున్న అరుపులు గోడ ఇవతలికి వినపడుతున్నాయి. చెవిటివాళ్లు తమ మాట తమకి వినపడాలని అరుస్తారు, అందువల్ల ఊరికి కూడా వినపడుతుంది. "మా కోడలు కాటికి అంటోందర్రా! తనే అంటోంది! వెదుర్లు చూడండి!"

ఈలోపు మంగాదేవి గదిలోకి వచ్చింది. ఒక చేతిలో నిప్పుల మూకుడు, ఇంకో చేతిలో గుప్పెడు ఎండుమిరపకాయలు, కల్లుప్పు, ఆవాలు. సుశీలమ్మ ఆ మిరపకాయల్ని చూసింది. వద్దని చెయ్యి ఊపింది.

"చెయ్యి ఊపకే, దిష్టి చెదురుతుంది" అని, అత్త తలుపు మూసింది. కిటికీ కూడా మూసింది, దిష్టి బయటికి పోకుండా కాదు, పక్కింటి వెంకమ్మ చూడకుండా.

దిష్టి తీయడం అందరికీ తెలిసిందే. మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. మిరప ఘాటు ముక్కు పగలగొట్టి, ఇంటిల్లిపాదీ దగ్గి తుమ్మితే దిష్టి లేనట్టు. ఘాటు తెలియకపోతే దిష్టి ఉన్నట్టు. మంగాదేవి తిప్పింది, వేసింది. మూకుడు చిటపటమంది. ముందు మంగాదేవే దగ్గింది. కళ్ల నీళ్లు కారాయి, తుమ్మింది, కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. తలుపు అవతల, ఇంట్లో అంట్లు తోమే నందే అనే దొర్ల తెగ పిల్ల ఉంది, అది కూడా దగ్గింది.

సుశీలమ్మ దగ్గలేదు.

దగ్గాలనే ఉంది. ఒంట్లో ప్రతి నరమూ దగ్గమంటోంది. కానీ దగ్గడానికి కూడా గాలి కావాలి. అంతదాకా ఛాతీలో పిల్లంగోవిలాగా ఊదుతున్న ఈల సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. ఈల ఆగితే భయపడమన్నాడు డాక్టరు. భయపడింది. భయపడి చేసేదేమీ లేదు, కానీ చెప్పిన మాట వినడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

మంగాదేవి మూకుడు పట్టుకునే వంగి కోడలి మొహంలోకి చూసింది. అత్త కళ్లు పెద్దవయ్యాయి.

"దగ్గలేదే! నాకు కొరపోతోంది, దీనికి చీమ కుట్టినట్టు కూడా లేదు! అమ్మో, ఎంత దిష్టి! ఎవరి కళ్లు పడ్డాయే నీ మీద, కొండంత దిష్టి!" అంటూ, గూట్లో ఉన్న మిరపకాయల డబ్బాలోంచి ఇంకో గుప్పెడు తీసి, ఈసారి తిప్పడం కూడా మానేసి, నేరుగా నిప్పుల్లో పోసింది.

అది కోపంతో చేసిన పని కాదు. మొదటిసారిగా మంగాదేవి కోడలి మీద జాలిపడి చేసిన పని. కోపంలో ఉన్నప్పుడు ఇంత ప్రమాదం ఎప్పుడూ రాలేదు.

*

బయట అరుగు దగ్గర జనం చేరారు. వెదుర్లు వచ్చాయి. పంతులొచ్చాడు, పంచాంగం చంకలో పెట్టుకుని. వెంకమ్మ కొంగు సవరించుకుని ఏడవడానికి వీలుగా కూర్చుంది. ఊళ్లో పాడె కట్టే చోట పాడే హక్కు వెంకమ్మది. రామారావు గోడౌను నుంచి వచ్చి, తలుపు దాకా వెళ్లి, మిరప ఘాటు తగలగానే రెండడుగులు వెనక్కి వేసి, అక్కడి నుంచే "సుశీలా" అని పిలిచాడు. జవాబు రాలేదు. మళ్లీ పిలవలేదు. పిలిచానని అందరూ చూశారు, అది చాలు.

"లోపలే పోయిందా, బయటికి తెచ్చారా?" అన్నాడు పంతులు.

"లోపలే."

"పూర్తిగా పోయిందా?"

"ఏమో, తలుపు మూసుంది."

పంతులు పంచాంగం తిప్పాడు. మొహం మాడిపోయింది. "ధనిష్ఠ! ఇంట్లో ప్రాణం పోతే ఆర్నెల్లు ఇల్లు మూసెయ్యాలి, సావుకారూ. దీపం కూడా పెట్టకూడదు."

ఆ మాట మాత్రం శ్రీరంగం కుడి చెవిలోకి గంట కొట్టినట్టు వెళ్లింది. ఇంట్లో సగం ఇప్పపువ్వు బస్తాలు. మిగతా సగం చింతపండు. ఆర్నెల్లు మూస్తే మిగిలేది చీమలు. "ఒరేయ్ ఆయతూ! లాగండ్రా బయటికి! పోకముందే లాగండి! పోయిందో లేదో బయట చూసుకుందాం!"

ఆయతు, ఇంకో ఇద్దరు భుజాలు పెట్టి తలుపు తోశారు. పొగ బయటికి దుమికింది. ముగ్గురూ దగ్గుతూ, తుమ్ముతూ, కళ్లు మూసుకుని తడుముకుంటూ వెళ్లి సుశీలమ్మని ఎత్తారు. తల వాలిపోయింది. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి.

"చూశారా, దగ్గట్లేదు! దిష్టి!" అంది మంగాదేవి, ముక్కు చీదుతూ.

"పోయినోళ్లు ఎట్టా దగ్గుతారమ్మా" అన్నాడు ఆయతు.

మంగాదేవి చేతిలో మూకుడు జారి పడింది.

వాకిట్లో, దక్షిణం వైపు తల పెట్టి, వట్టి నేల మీద సుశీలమ్మని వెల్లకిలా పడుకోబెట్టారు. పడుకోకూడదని డాక్టరు చెప్పిన సంగతి ఆమెకి గుర్తుంది, కానీ అభిప్రాయం అడిగేవాళ్లు ఎవరూ లేరు. పంతులు ముక్కు దగ్గర దూదిపింజ పట్టుకుని చూశాడు. కదల్లేదు. ఏటి మీంచి గాలి వస్తే కదిలింది, కానీ అది ఏటి గాలి అని ఆయన లెక్కలోకి తీసుకోలేదు. "అయిపోయింది. బయటికి తెచ్చాకే పోయింది, అదృష్టవంతులు" అన్నాడు.

శ్రీరంగం ఇంటి వైపు తిరిగి దణ్ణం పెట్టాడు.

సుశీలమ్మకి కళ్లు తెరవడానికి ఓపిక లేదు. చెవులు మాత్రం పనిచేస్తున్నాయి. అదీ చెడ్డకాలమే.

"ఓ నా సుశీలా! బంగారు బొమ్మా! నిన్ను చూడని కళ్లెందుకే!" అని వెంకమ్మ రాగం తీసింది. తీసి, ఊపిరి పీల్చుకునే చోట గొంతు తగ్గించి, "రామారావూ, భోపాలపట్నంలో మా అక్క ఆడబిడ్డ కూతురుంది" అంది. మళ్లీ రాగం. "మా మల్లెమొగ్గ రాలిపోయిందే! పిల్ల నిక్షేపంలా ఉంటుంది."

"ఇప్పుడా మాటలు, పిన్నీ?" అన్నాడు రామారావు బాధగా.

"నిజమే నాయనా, తప్పే. ఓ నా తల్లీ!"

రామారావు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. తర్వాత, మెల్లగా, పక్కకి వంగి, "పొగకి దగ్గుతుందా?" అని అడిగాడు.

"కట్టెల పొయ్యి దగ్గరే పుట్టి పెరిగింది. తుమ్మడం కూడా రాదు."

"ముందు కార్యం కానివ్వండి" అన్నాడు రామారావు. గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. ఉన్న ఇద్దరిలో ఎవరికో ఒకరికి రావాలి కదా.

ఈ ముక్క విన్నాక సుశీలమ్మకి పౌరుషం వచ్చి లేచిందని తర్వాత ఊళ్లో చెప్పుకున్నారు. అదేం కాదు. పౌరుషానికి కూడా గాలి కావాలి. జరిగిందేమిటంటే, పొగ లేని చోట, ఏటి గాలి తగిలి, లోపల బిగుసుకున్న గొట్టాల్లో ఏదో ఒకటి వెంట్రుకవాసి వదులైంది. వెల్లకిలా ఉన్న ఒళ్లు మునిగిపోతున్న మనిషి ఒళ్లులాగా దానంతటదే పైకి తన్నుకుంది. పాత గాలి కాస్త బయటికి నడిచింది. నడుస్తూ, ఆగిపోయిన ఈలని మళ్లీ ఊదింది.

శవం ఈల వేసింది.

వెంకమ్మ రాగం సగంలో తెగిపోయింది. వెదుర్లకి తాళ్లు చుడుతున్నవాళ్లు తాళ్లు వదిలేశారు. పంతులు పంచాంగం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఈల మళ్లీ వచ్చింది, ఈసారి ఇంకా గట్టిగా, పొడుగ్గా. సుశీలమ్మ మోచేతుల మీద లేచింది. లేచి కూర్చుంది. జుట్టు విరబోసుకుని ఉంది, మొహం నల్లబడి ఉంది, కళ్లలో మిరప ఎరుపు. వాకిలంతా ఒక్కసారి ఖాళీ అయింది. అరుగు మీద మంగాదేవి మాత్రం స్తంభానికి అతుక్కుని ఉండిపోయింది.

సుశీలమ్మ ఆమె వైపు చూసి, నోట మాట లేక, చెయ్యి చాపింది.

పొద్దున చాపినదే ఆ చెయ్యి. అప్పుడు ముష్టిదాని చెయ్యి. ఇప్పుడు దయ్యం చెయ్యి. దయ్యాన్ని మర్యాద అడిగేవాళ్లెవరు? మంగాదేవి బొడ్లోంచి తాళాలగుత్తి, సీసా ఉన్న సంచీ కలిపి పీకి, "తీసుకోవే తల్లీ! అన్నీ తీసుకో! నా జోలికి రాకు!" అని విసిరేసింది.

సీసా పగల్లేదు. సంచీలోంచి జారి, మట్టిలో దొర్లి వచ్చి సుశీలమ్మ మోకాలి దగ్గర ఆగింది. మూత తీసి, ఒక గోలీ నోట్లో వేసుకుని, తన స్నానానికే తెచ్చిన కుండలోంచి దోసెడు నీళ్లు తాగింది. తర్వాత కట్టీ కట్టని పాడెని దగ్గరికి లాక్కుని, అడ్డవెదురు మీద రెండు చేతులూ ఆనించి, ముందుకు వంగి కూర్చుంది. డాక్టరు చెప్పిన పద్ధతే. పీట లేకపోతే పాడె. ఎత్తు సరిగ్గా సరిపోయింది.

గోలీ కడుపులోకి దిగి పనిచేయడానికి సమయం పడుతుంది. ఆ సమయమంతా ఈల నడిచింది. జనం వీధి అవతల నుంచి తొంగిచూశారు. "పాదాలు ఎటు తిరిగున్నాయో చూడరా ఆయతూ" అన్నాడు పంతులు. "నువ్వే చూడు పంతులూ, పంచాంగం చదివినోడివి" అన్నాడు ఆయతు.

కొంచెం గాలి చేతికందాక సుశీలమ్మ మళ్లీ తన ఒక్క మాట అంది. "కాఫీ."

"కాటికి అంటోంది! కాటికి!" వీధంతా గొల్లుమంది.

నందే మాత్రం అరుగు పక్కనే, నీళ్లు కాగే పొయ్యి దగ్గరే ఉండిపోయింది. పారిపోదామంటే కాలు బెణికి ఉంది. దానికి ఆ మాట దగ్గర్నుంచి వినపడింది. అది కుంటుకుంటూ వంటింట్లోకి వెళ్లి కాఫీపొడి డబ్బా తెచ్చి, శవస్నానానికి కాగుతున్న నీళ్లలో గుప్పెడు వేసి, చిప్పతో ముంచి, చెయ్యి వీలైనంత పొడుగ్గా చాపి సుశీలమ్మకి అందించింది. సుశీలమ్మ తాగింది. దయ్యాలు కాఫీ తాగుతాయా లేదా అన్న విషయం మీద వీధిలో కొంత చర్చ జరిగింది. తాగవు అన్నవాళ్లు ముందుగా వెనక్కి వచ్చారు.

ఎండ వాకిట్లోకి జరిగే వేళకి ఈల సన్నబడింది. ఈసారి ఆగిపోవడం కాదు, నిద్రపోతున్న పిల్లి గురకలాగా మెత్తబడడం. పెదాలకి మనిషి రంగు వచ్చింది. అందరూ చుట్టూ మూగారు, చెయ్యి అందనంత దూరంలో.

సుశీలమ్మ ఊపిరి ఒకసారి సరిచూసుకుని, మాట ఎత్తింది.

"మామయ్యగారూ, నేను కాటికి అనలేదు. కాఫీ అన్నాను. ఊపిరి ఆడనప్పుడు వేడి కాఫీ తాగమని డాక్టరు చెప్పాడు. మీకు కాటికి అని వినపడింది. మీరు వీధిలో చెప్పారు. వీధి నన్ను చంపేసింది. ఇల్లు మూయాలని పంతులుగారన్నారు, అందుకని బయట పడేశారు. ఆ పొగలోంచి బయట పడేశారు గనుకే బతికాను. అత్తయ్యగారు నేను దగ్గట్లేదని దిష్టి అనుకున్నారు. దగ్గడానికి గాలి లేదు, అంతే. ఇంకొంచెం సేపు దిష్టి తీసుంటే మీరు విన్నదే నిజమయ్యేది."

ఎవరో ముక్కు చీదారు, అదీ మిరప ఘాటుకే.

మొదట తేరుకున్నది మంగాదేవి. "విన్నారా? విన్నారా అందరూ?" అంది, చెంగు బొడ్లో దోపుతూ. "ఎంత పొడుగు మాట! ఒక్కచోట కూడా ఆగలేదు! ఇదా జబ్బు మనిషి? పొద్దున్నుంచీ నన్ను హడలగొట్టి చంపి, ఊరిని పోగేసి, ఇప్పుడు హరికథ చెబుతోంది! నోరుంది కదా, పొద్దున మర్యాదగా అడగొచ్చు కదా?"

జనంలో తలలు ఊగాయి. సుశీలమ్మ వాళ్ల మొహాలు చూసింది. ఆ ఊపు అవుననే ఊపే. ఊపిరి ఊపు కాదు, పొరబడడానికి లేదు.

"నిజమే పాపం" అంది వెంకమ్మ. సగంలో తెగిన రాగం గొంతులో అడ్డం పడి ఉంది, మనిషి చిరాగ్గా ఉంది. రామారావు భోపాలపట్నం వైపు చూస్తున్నట్టు ఏటి వైపు చూస్తున్నాడు.

"ఇటియ్యి సీసా" అంది మంగాదేవి, చెయ్యి చాపి.

సుశీలమ్మ ఆ చేతిని చూసింది. "పంతులుగారూ, పీనుగ చేతికి ఇచ్చిన వస్తువు తిరిగి పుచ్చుకోవచ్చా?"

పంతులు ఆ ఇంటి ఉప్పు తిన్నవాడే గానీ, శాస్త్రం తన నోట్లోంచి వచ్చే అవకాశం వదులుకోలేడు. "రామరామ! పుచ్చుకున్నవాళ్లని వెంట తీసుకెళుతుంది. ఇనుము గనుక తాళాలు పసుపునీళ్లలో కడిగి తీసుకోవచ్చు. నోట్లో వేసుకునే వస్తువుకి మాత్రం శుద్ధి లేదు."

మంగాదేవి చాపిన చెయ్యి అలాగే ఉండి, నిప్పు తగిలినట్టు వెనక్కి వెళ్లింది. సుశీలమ్మ తాళాలగుత్తిని ఆమె కాళ్ల దగ్గరికి దొర్లించింది. సీసాని సంచీలో పెట్టి, బొడ్లో దోపి, ముడి వేసి, ముడి మీద ముడి వేసింది. సీసా తేలిగ్గా ఉంది. అందులో ఎన్ని మిగిలాయో ఆమె అప్పుడు చూడలేదు. చూస్తే ఊపిరి మళ్లీ బిగుస్తుందేమోనని.

ఇంటి వెనకాల ఇంకా ఆకు కాలుతూనే ఉంది. దాన్ని ఆర్పాలని ఎవరికీ తోచలేదు. సుశీలమ్మ పాడె మీది చేతులు తియ్యకుండా, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అటు తిరిగి కూర్చుంది.

ఇంతసేపూ శ్రీరంగం జనం మధ్యలో నిలబడి, కుడి చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆఖరికి ఆగలేక ఆయతు భుజం పట్టుకుని కుదిపాడు.

"ఏందిరా అంటోంది? ఇంకా కాటికే అంటోందా?"

ఆయతు ఆయన చెవిలో నోరు పెట్టి, ఏటి అవతలి ఒడ్డు కూడా వినేటట్టు అరిచాడు. "కాటికి కాదు సావుకారూ! కాఫీ! పొద్దున్నుంచీ కాఫీయే!"

శ్రీరంగం ఆ మాటని చాలాసేపు నమిలాడు. వెదుర్ల వైపు చూశాడు, పంతులు వైపు చూశాడు, కోడలి పక్కనున్న చిప్ప వైపు చూశాడు. సంగతంతా అర్థమైంది. మొహం కోపంతో ఎర్రబడింది.

"కాఫీకి ఇంతమంది ఎందుకొచ్చార్రా?"